గరిటె తిప్పకు

ఆదివారం. కిటికీ బయట మైనస్ ఇరవై ఆరు.
ఒనేగా సరస్సు గట్టిపడి నెలన్నర.
ఉల్యానా నాలుగింటికే లేచి వెళ్ళింది,
ఊళ్ళో మొదటి ట్రాలీబస్సు ఆమెది.
తలుపు చప్పుడు కాకుండా వేసింది.
అదే నాకు గట్టిగా వినబడింది.

రాత్రి మాటకి మాట పెరిగింది,
అట్టుకి అట్టున్నర.
మా తమ్ముడికి అప్పిచ్చాను, ఆమెని అడక్కుండా ఇచ్చాను.
పిల్ల పళ్ళకి క్లిప్పులు వేయిద్దామని దాచిన డబ్బు.
తప్పే.
కానీ నాకు మాటలు రావు, పనులొస్తాయి.

ఫ్రిజ్‌లో వెనకెక్కడో, గడువు దాటి వారమైన కెఫీర్ సీసా.
మూత తీస్తే మూతి ముడుచుకునే పులుపు.
"పారెయ్యనా?" అన్నాను.
"పులిసిందే కదా పనికొచ్చేది," అందావిడ,
మా అత్తగారు రుఫీనా పావ్లొవ్నా, కిటికీ పక్క కుర్చీలోంచి.
కళ్ళకి పొరలొచ్చి ఆరేళ్ళు.
చెవులు మాత్రం పిల్లి చెవులు.
"ఒలాద్యీలు వెయ్యి. నేను వింటూ ఉంటాను."

లేత్ మిషన్ మీద పని నాది.
వెంట్రుకలో సగం తేడా వచ్చినా ముక్క చెత్తలోకే.
"పిండి ఎంత?"
"అదెంత పుచ్చుకుంటే అంత."
"అంటే ఎన్ని గ్రాములు?"
"నిన్ను చేసుకునేటప్పుడు మా పిల్ల తూచి చేసుకుందా?"
తాయా కిసుక్కుమంది,
చేత్తో పళ్ళు మూసుకుని.

గుడ్డు, చిటికెడు ఉప్పు, చెంచాడు చక్కెర,
చివర సోడా. గిన్నెలో ఏదో మేలుకుంది.
గరిటె ఎత్తితే జారిపోకూడదు, వేలాడాలి,
బడికి లేవనని మొండికేసిన పిల్లాడిలా.
"ఇక గుడ్డ కప్పి వదిలెయ్."

వదల్లేదు. అదే నా జబ్బు.
గుడ్డ ఎత్తడం, చూడడం, మళ్ళీ ఎత్తడం.
బుడగలొచ్చాయి. అడుగున ఉండ కట్టిందేమోనని
ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తిప్పాను.
గిన్నెకి గరిటె తగిలిన చప్పుడు ఆవిడ వింది.
"అయిపోయింది," అంది. తిట్టలేదు.
"లేచిన పిండిని కలపకూడదు సవేలీ.
అంచు నుంచి తీసుకోవాలి, నెమ్మదిగా.
లోపల ఊపిరుంటుంది."

మొదటి వాయి చెప్పుల అడుగుల్లా వచ్చాయి.
నాలుగూ నేనే తిన్నాను, నిలబడే.
తాయా నా వెర్నియర్ కాలిపర్స్ తెచ్చి
ఐదోదాన్ని కొలిచింది:
"ఆరు మిల్లీమీటర్లు, నాన్నా."

మిగిలిన సగం సీసాతో మళ్ళీ మొదలు.
ఈసారి చేతులు వెనక్కి కట్టుకుని
మంచు పట్టిన అద్దం ముందు నిలబడ్డాను.
ఎదుటి బాల్కనీలో ఎవరిదో ప్యాంటు
ఆరేసినచోటే కొయ్యబారి
నాలాగే నిలబడి ఉంది.

నూనె పోశాను.
"గుసగుసలాడుతోంది ఇంకా. మాట్లాడనీ."
మాట్లాడింది.
చెంచాతో అంచు నుంచి తీసి వేశాను,
పిల్లాడి అరచేతిలో పట్టేంత ఒక్కొక్కటి.
వేసినచోటే పొంగాయి,
చలికి మూడు స్వెట్టర్లు తొడుక్కుని
ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ.
తిప్పితే ఇటువైపు తేనె రంగు.
"పద్దెనిమిది!" తాయా అరిచింది.
పళ్ళు మూసుకోవడం మర్చిపోయింది.

ఒంటిగంట దాటాక ఉల్యానా వచ్చింది,
కనురెప్పల మీద మంచు,
వేళ్ళింకా స్టీరింగ్ పట్టుకున్నట్టే వంగి.
పెనం వైపు చూసింది. నన్ను చూడలేదు.
బల్ల మీద స్మెతనా, ఎర్రటి బ్రుస్నికా జామ్,
బల్ల కింద మత్వేయ్, మోచేతుల దాకా అదే జామ్.
నేను నోరు తెరిచాను:
తమ్ముడి సంగతి, డబ్బు సంగతి, మార్చికల్లా ఎలాగైనా...

"గరిటె తిప్పకు," అంది రుఫీనా పావ్లొవ్నా.

గిన్నె ఎప్పుడో ఖాళీ.
నీళ్ళు పోసి నానబెట్టాను కూడా.
నోరు మూసుకున్నాను.

ఉల్యానా ఒకటి తీసి కొరికింది.
మిగిలిన సగాన్ని వెలుగుకి పట్టి
లోపలి గూళ్ళని చాలాసేపు చూసింది.
"మందంగా వచ్చాయి," అంది, ఎవరితోనో.
తర్వాత నా పళ్ళెంలో ఒకటి వేసింది.
కాసేపాగి
తను కొరికిన సగం కూడా.